నేలవాకుడు పూల మీద తేనెటీగలు ఎందుకు వాలడం లేదు? (వేసవి చివరి రోజుల పూలు, పురుగుల పరిశీలన)

పిల్లబాట
మే 24, ఉదయం 9:40

సభ్యులందరికీ నమస్కారం. ఈ నెల మొదటి వారం నుంచి రోజూ ఉదయం ఆరు గంటలకు పొలాల మధ్య కాలిబాట మీద మూడు కిలోమీటర్లు నడుస్తున్నాను. గడ్డి ఎండి, నేల నెర్రెలు విచ్చిన ఈ రోజుల్లో చూడడానికి ఏముంటుందిలే అనుకొని, కాళ్లకు పల్లేరుకాయలు గుచ్చుకోకుండా ఉంటే చాలునని తల వంచుకొని నడిచేవాణ్ణి. అలా తల వంచుకోవడమే మేలైంది. బాట పక్కన గడ్డి చామంతి, పల్లేరు, నేలవాకుడు, కాస్త ఎడంగా జిల్లేడు, తంగేడు, ఇన్ని మొక్కలు ఈ ఎండలోనే పూస్తున్నాయని ఇన్నేళ్లూ నేను గమనించనేలేదు.

నా సందేహం నేలవాకుడు గురించి. ఒళ్లంతా ముళ్లతో నేలకు అంటుకొని పాకే ఈ మొక్కకు ఊదా రంగు పూలు, వాటి నడుమ పసుపుపచ్చని కేసరాల గుత్తి ఉన్నాయి. కంటికి ఇంతకంటే కొట్టొచ్చినట్టు కనిపించే పువ్వు ఆ బాటలో మరొకటి లేదు. అయినా రెండు బారల దూరంలో ఉన్న గడ్డి చామంతుల మీద ముసురుకుంటున్న తేనెటీగలు దీని వైపు కన్నెత్తి చూడడం లేదు. వరుసగా మూడు రోజులు, రోజుకు పావుగంట చొప్పున కూర్చొని చూశాను. వచ్చిందల్లా ఒక పెద్ద నల్ల తుమ్మెద మాత్రమే. అది ఎగిరి వచ్చేటప్పుడు వినిపించే బొంగురు మోత, పువ్వు మీద వాలగానే ఆగిపోయి, ఒక క్షణం తరువాత సన్నగా, గీ పెట్టినట్టుగా మళ్లీ వినిపించింది. పువ్వు విడిచి లేవగానే మళ్లీ పాత మోతే. ఇది నా చెవి భ్రమా, లేక దీనికేమైనా కారణం ఉందా?

ఆరెకరాలు
మే 24, ఉదయం 11:05

మా వైపు దీన్ని నేలములక అని కూడా అంటాము కాబట్టి, వేరే పేరుతో తెలిసినవారు గందరగోళపడకుండా ముందే చెబుతున్నాను. కారణం నాకు తెలియదు గానీ, ఆ మోత మాత్రం భ్రమ కాదు. వంగతోటలో పొద్దున్నే పని చేసినవాళ్లందరూ విన్నదే. తుమ్మెద పువ్వును కరుస్తున్నదని మా పెద్దవాళ్లు చెప్పేవారు.

నీళ్ల సంగతి అడగకపోయినా చెబుతాను. జిల్లేడు వేరు లోతుగా దిగుతుంది. దాని ఆకు మీద మైనంలాంటి బూడిద పూత ఉంటుంది. పైనున్న రెండు జానల మట్టి ఎండినంత మాత్రాన దానికి లెక్క లేదు.

నల్లతుమ్మెద
మే 24, మధ్యాహ్నం 1:15

పిల్లబాట గారూ, మీరు విన్న ఆ రెండో ధ్వనిలోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది. ఆరెకరాలు గారి పెద్దలు చెప్పినదీ చాలావరకు నిజమే.

ఎక్కువ పూలలో పరాగకోశం పక్కన నిలువునా చీలి, పుప్పొడిని బయటపెడుతుంది. ఏ పురుగు వచ్చి రాసుకున్నా దాని ఒంటికి అంటుకుంటుంది. వాకుడు, వంగ, టమాటా, తంగేడు పూలలో అలా జరగదు. అక్కడ కోశం గొట్టంలా మూసుకొని ఉండి, కొనన మాత్రం సన్నని రంధ్రాలు ఉంటాయి. పైగా ఈ పూలలో తేనె ఉండదు. తేనె కోసం వచ్చిన ఈగకు అక్కడ దొరికేదేమీ లేదు, పుప్పొడి కోసం వచ్చిన ఈగకు దాన్ని బయటికి రాబట్టే ఉపాయం తెలిసి ఉండాలి. ఆ ఉపాయం ఏమిటంటే, తుమ్మెద కేసరాల గుత్తిని దవడలతోనూ కాళ్లతోనూ పట్టుకొని, ఒళ్లు దాని చుట్టూ వంచి, రెక్కలను కదలనివ్వకుండా వాటిని ఆడించే కండరాలను మాత్రం అదురుస్తుంది. ఆ అదురు కోశంలోకి పాకి, లోపలి పొడి పుప్పొడి రంధ్రం గుండా ఉప్పుడబ్బీ విదిలించినట్టు దాని పొట్ట మీద పడుతుంది. రెక్కల బరువు లేకుండా కండరం అదిరినప్పుడు కంపనం వేగం హెచ్చుతుంది, అందుకే ఎగిరేటప్పటి మోత కంటే ఈ మోత స్థాయి ఎక్కువ. మీ చెవి సరిగ్గానే పట్టుకుంది.

తేనెటీగలకు ఈ విద్య లేదు. తుమ్మెదలకు ఉంది, పొట్ట మీద నీలి చారలుండే ఒక జాతి ఒంటరి ఈగలకు ఉంది, చలి ప్రాంతాల బంబుల్ బీలకు ఉంది. గాజు ఇళ్లలో టమాటా పండించేవారు ఒకప్పుడు ఒక్కొక్క పూగుత్తిని చేతి యంత్రంతో అదిరించేవారు. 1980ల చివరి నుంచి ఆ పనికి బంబుల్ బీల గూళ్లనే తెచ్చి పెట్టుకుంటున్నారు. ఇలా అదిరిస్తే తప్ప పుప్పొడి ఇవ్వని పూలజాతులు ప్రపంచంలో ఇరవై వేల వరకు ఉంటాయని అంచనా.

ఒక చిన్న మనవి. తుమ్మెద అనే మాటను మనం చాలా పురుగులకు వాడేస్తాము. నేనిక్కడ చెబుతున్నది ఎండుకట్టెలో గుండ్రని బెజ్జం తొలిచి గూడు కట్టుకునే జైలోకోపా ప్రజాతి గురించి.

బోర్డుమీదసుద్ద
మే 26, సాయంత్రం 6:30

నేను భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి, పూల గురించి నాకు పెద్దగా తెలియదు. నల్లతుమ్మెద గారి వివరణ చదివాక మాత్రం ఊరుకోలేకపోయాను. ఇంట్లో ఉన్న 512 హెర్ట్జ్‌ల శృతిదండం పట్టుకొని ఈ ఉదయం ఏడు గంటలకు నేలవాకుడు దగ్గరికి వెళ్లాను.

అప్పుడే విచ్చిన పువ్వు కింద నల్లకాగితం ఉంచి, మొదట కొట్టని శృతిదండాన్ని కేసరాలకు ఆనించాను. ఏమీ రాలలేదు. వేలితో పువ్వును నాలుగుసార్లు కొడితే లెక్కపెట్టగలిగినన్ని రేణువులు పడ్డాయి. తరువాత దండాన్ని రబ్బరు దిమ్మె మీద కొట్టి, దాని కొనను కేసరాల మొదట్లో ఆనించాను. ఆనిన మరుక్షణం కోశాల కొనల నుంచి లేత పసుపు పొగలాగా పుప్పొడి చిమ్మింది. కాగితం మీద చిన్న వేలిముద్రంత మరక ఏర్పడింది. అదే పువ్వును రెండోసారి అదిరిస్తే మొదటిసారి వచ్చిన దానిలో సగం కూడా రాలేదు, మూడోసారి దాదాపు శూన్యం.

శృతిదండం కదలిక తుమ్మెద కదలిక ఒకటి కాదని నాకు తెలుసు, కాబట్టి దీన్ని కొలతగా ఎవరూ తీసుకోవద్దు. అయినా పదిహేనేళ్లుగా బల్ల మీద మోగిస్తున్న వస్తువుకు ఇలాంటి పని ఒకటి ఉందని తెలియడం నాకు చాలా సంతోషం కలిగించింది. సెలవులు ముగియగానే పిల్లలకు చూపిస్తాను.

కెమెరాకన్ను
మే 27, ఉదయం 8:20

అభ్యంతరం ఒకటి. నిన్న తీసిన ఫొటోలో నేలవాకుడు పువ్వు మీద తేనెటీగ స్పష్టంగా కూర్చొని ఉంది, కాలికి పసుపు ముద్ద కూడా ఉంది. తేనెటీగలు వాలవన్న మాటను ఇంత కచ్చితంగా చెప్పడం సరికాదేమో.

నల్లతుమ్మెద
మే 27, ఉదయం 10:00

మీ ఫొటో నిజమే, నా మాట కొంత తొందరపాటే. తేనెటీగ కోశాన్ని అదిరించలేదని చెప్పాలి గానీ వాలనే వాలదని చెప్పకూడదు. తుమ్మెద వచ్చి వెళ్లాక రేకుల మీద, కోశాల పైభాగంలో చల్లుకుపోయిన పుప్పొడిని తేనెటీగలు ఏరుకోవడం ఉంది. మీ ఫొటోను పెద్దది చేసి చూడండి. ఈగ ముఖం కోశాల కొన దగ్గర కాకుండా రేకు మీద వంగి ఉంది. కోత అయ్యాక చేలో పరిగె ఏరుకున్నట్టు అనుకోండి.

కెమెరాకన్ను
మే 27, రాత్రి 9:10

పరిగె పోలిక సరిపోయింది, అంగీకరిస్తున్నాను. నేను పిల్లబాట గారి మొదటి టపా చదివి గడ్డి చామంతి మీద ముసిరిన తేనెటీగల ఫొటోలు కూడా తీశాను. ఇప్పుడు చూసుకుంటే ఒకటి తేడాగా ఉంది. పదకొండు ఫొటోల్లో నాలుగింటిలో ఈగకు మీసాలు కనిపించడం లేదు. కళ్లు మాత్రం తలంతా పరుచుకొని ఉన్నాయి. ఇవి ఏ జాతి తేనెటీగలు?

తొలిపొద్దు
మే 28, ఉదయం 6:00

అవి తేనెటీగలే కావండీ. తేనెటీగ వేషం వేసుకున్న పూల ఈగలు, వ్యవసాయ పుస్తకాలలో సిర్ఫిడ్ ఈగలని రాస్తారు. తేనెటీగకు రెండు జతల రెక్కలు ఉంటాయి, ముందు రెక్కను వెనక రెక్క చిన్న కొక్కేలతో పట్టుకొని ఉండడం వల్ల ఒకటిగా కనిపిస్తాయి. సిర్ఫిడ్ ఈగకు ఒకే జత. రెండో జత ఉండవలసిన చోట గుండుసూది తలల వంటి రెండు బుడిపెలు మాత్రమే ఉంటాయి. పొలంలో రెక్కలు లెక్కపెట్టడం కష్టం కాబట్టి నేను మూడు గుర్తులు చూస్తాను: మీసాలు కనీకనిపించనంత పొట్టిగా ఉండడం, వెనక కాళ్లకు పుప్పొడి ముద్దలు లేకపోవడం, గాలిలో దారం కట్టి వేలాడదీసినట్టు ఒకేచోట నిలబడి, చటుక్కున పక్కకు జరిగి మళ్లీ నిలబడడం. మూడోది ఒక్కసారి చూస్తే ఇక మరచిపోరు.

కందిరీగలాగా పసుపు, నలుపు చారలున్నా దీనికి కొండి లేదు. ఆ వేషం పక్షులను బెదిరించడానికే. దీని పిల్లపురుగు ఆకుల మీద కాళ్లు లేని చిన్న జలగలాగా పాకుతూ పేనుబంకను తింటుంది.

గడ్డి చామంతి దగ్గరే ఇన్ని రకాలు చేరడానికి కూడా కారణముంది. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి పూలగుత్తి. అంచున మూడేసి పళ్లున్న తెల్లని రేకులు ఒక్కొక్కటి ఒక్కొక్క పువ్వు, నడుమనున్న పసుపు దిమ్మెలో పదుల కొద్దీ చిన్న గొట్టపు పూలు బయటి వరుస నుంచి లోపలికి రోజుకు కొన్ని చొప్పున విచ్చుకుంటాయి. గొట్టాలు సన్నగా, పొట్టిగా ఉండడం వల్ల పొట్టి నాలుక ఉన్నవాటికి కూడా తేనె అందుతుంది.

పిల్లబాట
మే 28, ఉదయం 9:00

అయితే నేను ఇన్నాళ్లూ తేనెటీగలని రాసుకున్నవాటిలో సగం ఈగలే అయి ఉండవచ్చు. నోటుపుస్తకంలో ఆ అంకెలన్నీ కొట్టేశాను. కొంచెం బాధగానే ఉంది గానీ, తప్పు లెక్క ఉండడం కంటే లేకపోవడమే నయం.

ఆరెకరాలు
మే 29, మధ్యాహ్నం 12:40

సిర్ఫిడ్ ఈగ మాట వచ్చింది కాబట్టి గట్ల సంగతి చెబుతాను. నాలుగేళ్ల కిందట గట్లు శుభ్రంగా ఉంటే పురుగు తగ్గుతుందనుకొని, కలుపుమందు కొట్టి గడ్డిపోచ లేకుండా చేశాను. చూడడానికి చక్కగా ఉన్నాయి. ఆ పంటలో పేనుబంక ముందటేటి కంటే ఎక్కువే వచ్చింది. దానికి గట్లే కారణమని నేను ప్రమాణం చేయలేను, ఆ ఏడు వాతావరణం కూడా తేడాగానే ఉంది. కానీ పెద్ద సిర్ఫిడ్ ఈగకు, పరాన్నజీవి కందిరీగకు పుప్పొడి, తేనె కావాలి. పైరు పూతకు రాకముందు అవి గట్టు మీద తప్ప మరెక్కడా దొరకవు. అప్పటి నుంచి గడ్డి చామంతిని ముట్టుకోవడం లేదు.

ఇది చదివి కలుపంతా దేవతా వృక్షమని అనుకోవద్దు. వయ్యారిభామ మీద పిండినల్లి పెరిగి పైరుకు దిగడం నేను కళ్లారా చూశాను. దాన్ని పూతకు ముందే పీకేస్తాను. మందు కొట్టక తప్పని రోజున పొద్దు వాలి, ఈగలు గూటికి చేరాక కొడతాను.

తొలిపొద్దు
మే 30, ఉదయం 5:50

పిల్లబాట గారు అంకెలు కొట్టేశానన్నారు కాబట్టి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఉపయోగపడుతుందని నా పద్ధతి రాస్తున్నాను. నడుస్తూ కనిపించినవన్నీ రాయకుండా, పూలున్న ఒక చోట అర మీటరు చదరాన్ని నాలుగు పుల్లలతో గుర్తు పెట్టుకొని, పది నిమిషాల పాటు ఆ చదరంలో పూల మీద వాలిన ప్రతి పురుగునూ లెక్కిస్తాను. జాతి పేరు తెలియకపోయినా ఫరవాలేదు: తేనెటీగలు, తుమ్మెదలు, సిర్ఫిడ్ ఈగలు, ఇతర ఈగలు, కందిరీగలు, పెంకుపురుగులు, సీతాకోకచిలుకలు, చీమలు అని గుంపులుగా వేసుకుంటే చాలు. ఎన్ని పూలు విచ్చి ఉన్నాయో, గాలి ఎంతుందో, ఎండో మబ్బో తప్పనిసరిగా రాయాలి.

ముఖ్యమైనది సమయం. మొదటి ఏడాది నేను మధ్యాహ్నం ఒంటిగంటకు లెక్కించి, పురుగులు లేవని దిగులుపడ్డాను. ఆ వేళకు పల్లేరు పువ్వు సగం వాడి ఉంటుంది, తేనెటీగలు పూల దగ్గర కాక కాలువ అంచున తడిమట్టి మీద ఉంటాయి. అవి తాగుతున్నది దాహానికే కాదు. పట్టులో పిల్లలున్న చోట వేడి 35 డిగ్రీల దగ్గర నిలవాలి. అందుకని నీళ్లు తెచ్చి అరల మీద పలచగా పూసి, రెక్కలతో విసురుతాయి. ఒంటిగంటకు పువ్వు మీద సున్నా, నీళ్ల దగ్గర నలభై. నేను సున్నా మాత్రమే రాసుకున్నాను.

కెమెరాకన్ను
మే 30, రాత్రి 8:45

లెక్కలు అవసరమే, కాదనను. కానీ చిన్నప్పుడు దీపం పెడితే గోడంతా పురుగులే ఉండేవి, ఇప్పుడు లేవు. తగ్గాయని తెలుసుకోవడానికి పుల్లలు పాతి చూడాలా?

నల్లతుమ్మెద
మే 31, ఉదయం 7:30

పాతాలి. జ్ఞాపకంలో ఒక్క గొప్ప రాత్రి మిగిలి, పురుగులు లేని వంద రాత్రులు చెరిగిపోతాయి. జర్మనీలో 63 రక్షిత ప్రాంతాలలో ఒకే రకం వలలతో 27 ఏళ్లు పట్టిన ఎగిరే పురుగుల బరువును తూచి చూస్తే నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గిందని 2017లో ప్రచురించారు. ఆ వార్త లోకాన్ని కదిలించింది. ఎందుకంటే అది జ్ఞాపకం కాదు, ఏళ్ల తరబడి సీసాల్లో నిలవ చేసి తూచిన బరువు. బ్రిటన్‌లో 1976 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు వారం వారం ఒకే దారిలో నడుస్తూ, అయిదు మీటర్ల వెడల్పులో కనిపించిన సీతాకోకచిలుకలను మాత్రమే లెక్కిస్తున్నారు. ఆ వెడల్పు దాటి ఎంత అందమైనది ఎగిరినా లెక్కలోకి రాదు. మీకూ నాకూ కష్టమైనది ఆ నియమమే.

పిల్లబాట
జూన్ 3, ఉదయం 10:20

పుల్లలు పాతాను. అయితే ఈ టపా లెక్కల గురించి కాదు, జిల్లేడు గురించి. రోజూ చూస్తున్న మొక్క కాబట్టి కూర్చొని చూడవలసినదేమీ ఉండదనుకున్నాను. నిన్న తుమ్మెద ఒకటి దాని మీద నుంచి లేచి పక్క పువ్వుకు వెళ్లినప్పుడు, దాని కాలికి పసుపురంగు గింజల జత లాంటిదేదో వేలాడుతూ కనిపించింది. పుప్పొడి ముద్దలా లేదు. ఏదైనా పరాన్నజీవి పట్టిందా?

నల్లతుమ్మెద
జూన్ 3, మధ్యాహ్నం 2:00

అది పుప్పొడే, కాని పొడిగా లేదు. జిల్లేడులో పుప్పొడి అంతా మైనపు సంచులుగా గట్టిపడి, రెండేసి సంచులు సన్నని కాడలతో ఒక చిన్న ముదురు రంగు పటకారుకు అతుక్కొని ఉంటుంది. పువ్వు నడుమ కిరీటంలాంటి అయిదు బొడిపెలు చూసి ఉంటారు. వాటి మధ్య అయిదు నిలువు చీలికలు ఉంటాయి. తేనె కోసం అటూ ఇటూ తిరిగే తుమ్మెద కాలు ఆ చీలికలో జారి, పైకి లాగినప్పుడు పటకారు కాలి వెంట్రుకను పట్టుకొని సంచుల జతతో సహా ఊడి వస్తుంది. అదే కాలు మరో పువ్వు చీలికలో జారినప్పుడు సంచి అక్కడ ఇరుక్కుపోతుంది. దీనికి బలమున్న పురుగు కావాలి. ఇదే కుటుంబపు పూలలో కాలు ఇరుక్కొని లాక్కోలేక చచ్చిపోయిన తేనెటీగలు కూడా కనిపిస్తాయి.

రాలిన తాజా పువ్వు దొరికితే చూడవచ్చు. సన్నని సూదిని చీలిక అడుగున పెట్టి మెల్లగా పైకి జరిపితే, ఆ జత సూది కొనకు వచ్చి తగులుకుంటుంది.

నిర్వాహకురాలు
జూన్ 3, సాయంత్రం 4:15

ఈ ప్రయోగం చేయబోయే సభ్యులకు హెచ్చరిక. జిల్లేడు పాలు కంటిలో పడితే కంటి పారదర్శక పొర దెబ్బతిని చూపు మసకబారుతుంది. మొదట్లో నొప్పి తెలియకపోవడం వల్ల చాలామంది ఆలస్యం చేస్తారు. పువ్వును తెంపవద్దు, రాలినదే తీసుకోండి, చేతులు కడుక్కునేవరకు ముఖం తాకవద్దు. కంటిలో పడితే వెంటనే ధారగా నీళ్లతో కడిగి వైద్యుని దగ్గరికి వెళ్లండి.

కెమెరాకన్ను
జూన్ 5, రాత్రి 9:30

జిల్లేడు గురించి నాకూ ఒక కథ ఉంది, అందులో నా తెలివితక్కువతనమే ఎక్కువ. పోయినేడు ఆకుల కింద నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, ఒంటి మీద మూడు జతల నల్లని కొమ్ములతో ఉన్న గొంగళిపురుగులు ఆరు కనిపిస్తే, సీతాకోకచిలుక బయటికి రావడాన్ని ఫొటో తీయాలని ఇంటికి తెచ్చి పెట్టెలో పెంచాను. ఆకు తినే ముందు అవి నడిమి ఈనెను కొరికి పాలు కారిపోనిచ్చి, ఆ తరువాతే కొన వైపు తినడం గంటల తరబడి చూశాను. ఆరూ కోశాలు కట్టుకున్నాయి. లేత ఆకుపచ్చ మీద బంగారు చుక్కలు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున కెమెరా బిగించి కూర్చుంటే, రెండు కోశాలు నల్లబడి, వాటి నుంచి సన్నని దారాల వెంట తెల్లని పురుగులు జారి పెట్టె అడుగున పడ్డాయి. కొన్నాళ్లకు అవి ముళ్లలాంటి వెంట్రుకలున్న బూడిదరంగు ఈగలయ్యాయి. నేను ఇంటికి తేకముందే ఆ ఈగ గొంగళిపురుగు మీద గుడ్లు పెట్టి ఉంటుందని తరువాత తెలిసింది. మిగతా నాలుగూ ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకలై ఎగిరిపోయాయి, నేను నిద్రపోతున్న వేళ.

తొలిపొద్దు
జూన్ 6, ఉదయం 6:10

ప్లెయిన్ టైగర్ పేరెత్తారు కాబట్టి లెక్కలో పొరపాటు రాకుండా ఒక మాట. జిల్లేడు విషాన్ని ఒంట్లో దాచుకోవడం వల్ల దాన్ని పక్షులు వదిలేస్తాయి. ఆ రంగును అచ్చంగా అరువు తెచ్చుకున్న మరో సీతాకోకచిలుక ఉంది, డనాయిడ్ ఎగ్‌ఫ్లై. అందులో ఆడదే ఈ వేషం వేస్తుంది. మగదానికి నల్లని రెక్కల మీద తెల్లని పెద్ద మచ్చలు ఉంటాయి. రెక్కలు విప్పి కూర్చున్నప్పుడు వెనక రెక్కను చూడండి. ప్లెయిన్ టైగర్‌కు నడుమ మూడు నాలుగు నల్ల చుక్కలు, దీనికి ముందు అంచు దగ్గర ఒక్కటే. దీని గొంగళిపురుగు జిల్లేడును ముట్టదు, గంగపాయల మొక్క మీద పెరుగుతుంది.

ఫొటోలు తీసేవారికి మరొకటి. దగ్గరికి వెళ్లినా కదలని సీతాకోకచిలుక కనిపిస్తే మీ అదృష్టమని అనుకోకండి. పువ్వు అడుగున చూడండి, పువ్వు రంగులోనే ఉన్న పీతసాలీడు దాని మెడ పట్టుకొని ఉండవచ్చు.

బోర్డుమీదసుద్ద
జూన్ 11, రాత్రి 8:00

నిన్న సాయంత్రం మొదటి వాన పడింది. దీపం చుట్టూ ఉసిళ్లు, తెల్లవారి గుమ్మంలో రాలిన రెక్కలు. పొలం దగ్గర తూనీగలు ఇంకా గాల్లో ఉన్న ఉసిళ్లను పట్టుకుంటున్నాయి. తడిసిన ఇసుకలో ఆరుద్ర పురుగులు రెండు కనిపించాయి. వాటిని ఏ గుంపులో వేయాలి?

తొలిపొద్దు
జూన్ 12, ఉదయం 5:55

కాళ్లు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. ఆరుద్ర పురుగు కీటకం కాదు, సాలీడుకు దాయాది. పిల్లగా ఉన్నప్పుడు మాత్రం ఆరు కాళ్లతో మిడతల వంటి పురుగులకు అంటుకొని బతుకుతుంది. లెక్కలో చేర్చకుండా పక్కన విడిగా రాసుకోండి.

పిల్లబాట
జూన్ 18, ఉదయం 8:10

వాన పడ్డాక నా చదరంలో గడ్డి చామంతులు రెట్టింపయ్యాయి, నేలవాకుడు మాత్రం పూత తగ్గించి చారల కాయలతో నిండింది. నిన్న సాయంత్రం ఆరున్నరకు పుల్లలు సరిచేయడానికి వెళ్లినప్పుడు, పక్కనే ఒక ఎండు గడ్డికాడ వంగి కనిపించింది. గింజలేమోననుకొని దగ్గరికి వెళ్తే ఏడు ఈగలు. ఒకదాని కింద ఒకటిగా, కాడను దవడలతో కరిచి పట్టుకొని, కాళ్లు ముడుచుకొని గాలిలో అడ్డంగా నిలబడి ఉన్నాయి. పొట్ట మీద మెరిసే నీలి చారలు. నల్లతుమ్మెద గారు మొదటి రోజు చెప్పిన ఈగలు ఇవేనా? కాడను తాకకుండా ఊపిరి బిగపట్టి చూశాను, ఒక్కటీ కదలలేదు.

నల్లతుమ్మెద
జూన్ 18, ఉదయం 9:30

అవే. మగ ఈగలు నిద్రపోతున్నాయి. ఆడవి నేలలో తవ్వుకున్న బొరియల్లో పడుకుంటాయి. మగవాటికి ఇల్లు లేదు కాబట్టి సాయంత్రం ఇలా కాడను పట్టుకొని రాత్రి గడుపుతాయి. చాలాసార్లు మరుసటి రోజు కూడా అదే కాడకు వస్తాయి. వీలైతే తెల్లవారకముందే వెళ్లండి. అవి నిద్ర లేచే పద్ధతిని మీరే చూసి రాయండి, నేను చెప్పను.

పిల్లబాట
జూన్ 19, ఉదయం 7:45

5:20కి వెళ్లాను. రాత్రి ఎనిమిదోది వచ్చి చేరినట్టుంది. వెంట్రుకల మీద మంచు బిందువులు ఉన్నాయి, కాడ గాలికి ఊగుతున్నా ఈగలు కర్రపుల్లల్లా ఉన్నాయి. 5:50కి పైనున్న ఈగ మీద వెలుగు పడింది. మొదట మీసాలు కదిలాయి. తరువాత కాళ్లతో కాడను పట్టుకొని దవడలు వదిలింది. పొట్ట ఎగశ్వాస పట్టినట్టు పైకీ కిందికీ ఆడసాగింది, రెక్కలు మాత్రం వీపు మీద కదలకుండా ఉన్నాయి. చెవి దగ్గరగా పెట్టాను. నేలవాకుడు పువ్వు మీద విన్న ఆ మోతే, ఇంకా సన్నగా, ఆగి ఆగి వినిపించింది. ఎగిరే కండరాలను రెక్కలు ఆడకుండా అదిరించి ఒళ్లు వేడెక్కించుకుంటున్నదని అప్పుడు అర్థమైంది. పువ్వు నుంచి పుప్పొడి రాల్చే విద్య, పొద్దున్నే చలి వదిలించుకునే విద్య రెండూ ఒకే కండరంలో ఉన్నాయి.

నాలుగు నిమిషాలకు అది లేచింది. ఎటు వెళ్లిందో చూద్దామని తల తిప్పేలోపల రెండోది మొదలుపెట్టింది, అందుకని ఇక్కడే ఉండిపోయాను.